చప్పిడి పత్యం

పండుగ ఏదీ లేని ఒక మామూలు మంగళవారం నాడు మా ఆయన ఇంట్లోని బర్రెల కొమ్ములకు రంగులేసి, మెడల్లో గవ్వల దండలు కట్టి, గౌలిపుర నుంచి లాడ్ బజార్ దాకా తోలుకెళ్ళాడు. మా పాలవాళ్ళలో ముస్తాబు చేసి ఊరేగించడం ఉన్నదే. కానీ అది దీపావళి తర్వాత వచ్చే సదర్ పండుగకు, అదీ దున్నపోతులకు. ఈయన తోలింది పాలిచ్చే బర్రెలను, చలి పోయి ఎండలు ముదిరే రోజుల్లో. గాజుల దుకాణం ముందు నిలబడి, "మా బర్రెల కొమ్ములకు సరిపోయే లక్క గాజులు చూపెట్టు భాయ్" అని అడిగాడట. అక్కడితో ఆగక మా గల్లీలోని ఆడవాళ్ళందరికీ గాజులు కొన్నాడు.

మర్నాడు ఆ గాజులన్నీ మూటగట్టుకుని నేను వెనక్కి ఇవ్వడానికి వెళ్ళాను. దుకాణదారు మీద పోట్లాటకు సిద్ధమయ్యే వెళ్ళాను, ఎందుకంటే నాకు పోట్లాట ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఆ పెద్దమనిషి మూట విప్పి కూడా చూడకుండా డబ్బులు చేతిలో పెట్టాడు. "బీమార్ ఆద్మీ కా సౌదా సౌదా నై హోతా బహెన్" అన్నాడు. జబ్బు మనిషి చేసిన బేరం బేరమే కాదట. అంతవరకు ఆసుపత్రి బయట మా ఆయనది జబ్బు అని నాతో అన్నవాళ్ళు ఎవరూ లేరు. దయ్యం అన్నారు, కొవ్వు అన్నారు, నా నోటికి భయపడి పిచ్చెక్కిందని కూడా అన్నారు.

మా పెళ్ళి అరవైల చివర్లో అయింది. ఆయన బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంటి దగ్గర బర్రెల పని మా అత్తమ్మది. మంచిగా ఉన్న రోజుల్లో ఆయన తక్కువ మాట్లాడే మనిషి. నేను గొంతు పెంచితే మాత్రం చేతులు కట్టుకుని, "హుకుం, తాసిల్దారమ్మా" అనేవాడు. కోపంలో ఉన్నదాన్ని నవ్వేదాన్ని, ఆ నవ్వుకు మళ్ళీ కోపం వచ్చేది.

ఏడాదికో రెండేళ్ళకో ఆయనకు నిద్ర పట్టకుండా పోయేది. నిద్ర పోయిందంటే ఇక మాట ఆగదు, కాలు ఆగదు. పాలన్నీ గల్లీలో ఊరికే పోసేవాడు, ముక్కూ మొహం తెలియని వాళ్ళను భోజనానికి తీసుకొచ్చేవాడు. ఆ పొంగు దిగాక ఇంకో మనిషి అయ్యేవాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకసారి పెరట్లో బర్రె ఈనలేక తన్నుకుంటుంటే, రమ్మని పిలిచినా అటు తిరగలేదు. "నేనుండి ఎవలికి ఫాయిదా" అనేవాడు. ఆ మాట విన్న రోజుల్లో నేను పగ్గాలన్నీ ఎత్తి దాచేదాన్ని.

చెయ్యని వైద్యం లేదు. తాయత్తులు కట్టించాం, యాకుత్‌పురాలో ఒక మౌల్వీ సాబ్ దగ్గర ఊదిన నీళ్ళు తాగించాం, అమ్మవారికి బోనం మొక్కుకున్నాం. పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టారు, సూదులిచ్చారు. ఆ సూదులతో పొంగు తగ్గేది గానీ మనిషి కట్టెలా బిగుసుకుపోయేవాడు, నోట్లోంచి చొంగ కారేది. వాళ్ళను నేనేమీ అనను. అప్పటికి వాళ్ళ దగ్గరున్న మందులు అవి. కానీ ఇంటికి తెచ్చుకున్నది మా ఆయనను కాదని మాత్రం నాకు తెలుసు.

బర్రెల ఊరేగింపు తర్వాత చేర్పించినప్పుడు ఆసుపత్రిలో కొత్త డాక్టరు ఉన్నాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి, "అండీ" లేకుండా మాట పూర్తి చేసేవాడు కాదు. మా అత్తమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి నా చెవిలో, "మీసాలే సక్కగ మొలవలే, గీ పిల్లగాడు కుదురుస్తడా?" అంది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, లిథియం అని ఒక మందు ఉంది, రాళ్ళలో దొరికే ఒక రకం లవణం, అన్నాడు. ఎక్కడో దూరదేశంలో ఒక డాక్టరు దాన్ని ముందు గినీ పందులకు ఇచ్చి చూశాడట. అవి నెమ్మదించాయట. ఆ తర్వాత మనుషులకు ఇచ్చాడట.

"పందులకిచ్చిందా నా కొడుక్కిచ్చేది?" అంది అత్తమ్మ.

"పంది అంటే పంది కాదమ్మా, పెద్ద ఎలుకంత ఉంటుందండీ" అన్నాడాయన. అత్తమ్మకు అది ఇంకా నచ్చలేదు.

నాకు ఆ పందుల గొడవ పట్టలేదు. నాకు కావలసింది వేరే. "అది నెత్తిలకు పోయి ఏం జేస్తది డాక్టర్ సాబ్?" అని అడిగాను.

"నిజం చెప్పాలంటే మాకింకా పూర్తిగా తెలియదండీ. మెదడులో కణానికీ కణానికీ మధ్య కబుర్లు నడుస్తుంటాయి. ఆ జోరును ఇది సర్దుతుందని అనుకుంటున్నాం. ఎలా సర్దుతుందో తెలుసుకోవడానికి చాలామంది పనిచేస్తున్నారు."

నాకు ఒళ్ళు మండింది. "తెల్వకుండనే ఇస్తరా?"

ఆయన కోప్పడలేదు. "మీది పాల వ్యాపారం అన్నారు కదా. పాలు ఎందుకు తోడుకుంటాయో మీకు తెలుసాండీ?"

నేను నోరు తెరిచేలోపు మా అత్తమ్మే అందుకుంది. "ఎందుకో మాకేం తెల్సు. తోడేస్తే తోడుకుంటది. తక్కువైతే పేరదు, ఎక్కువైతే పులుస్తది."

"అంతేనమ్మా. ఇదీ అంతే. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం. అందుకే ఇన్నేళ్ళు డాక్టర్లు దీన్ని ముట్టుకోవడానికి భయపడ్డారు. రక్తంలో ఎంత ఉందో కొలిచే యంత్రం వచ్చాక ధైర్యం వచ్చింది. మీరు రక్తపరీక్షకు మాత్రం తప్పకుండా రావాలి." తన కొడుకు జబ్బు గురించి ఒక డాక్టరు తన మాటకు తల ఊపడం మా అత్తమ్మకు అదే మొదటిసారి. ఇక ఆ పిల్లగాని మీసాల ఊసు ఆమె మళ్ళీ ఎత్తలేదు.

రక్తం కొలిచే గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి తొంగిచూస్తుంటే విసుక్కోకుండా లోపలికి పిలిచాడు. ఆ యంత్రంలో సన్నటి నీలిమంట ఒకటి వెలుగుతోంది. అందులోకి ఉప్పునీళ్ళు పోనిస్తే మంట పసుపురంగుకు తిరిగింది. మా కిరోసిన్ స్టవ్ మీద పప్పు పొంగినప్పుడు మంట అలాగే పచ్చబడడం నేను రోజూ చూసేదాన్ని. ఆ తర్వాత ఆయన లిథియం కలిపిన నీళ్ళు పోనిచ్చాడు. మంట ఎర్రగా, మంచి కుంకుమరంగులో లేచింది. "యే దేఖో, ఆప్ కే మియాఁ కీ దవా" అన్నాడు, ఇదిగో మీ ఆయన మందు అని. మా ఆయన రక్తంలో ఆ ఎరుపు ఎంత ఉంటే అంత మందు ఉన్నట్టట. ఎక్కడి రాయి, ఎక్కడి మంట, ఎక్కడి మా ఆయన అనిపించి నేను ఆ గదిలో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆ పెద్దాయన పాపం మంచినీళ్ళు తెప్పించాడు.

ఆసుపత్రిలో ఉండగానే ఆయన కుదుటపడ్డాడు. ఒకరోజు నేను దుప్పటి ఉతకలేదని ఆయాతో లొల్లి పెట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంటే, కళ్ళు మూసుకునే ఉండి, "హుకుం, తాసిల్దారమ్మా" అన్నాడు. గొంతు ఆయనదే. చొంగ లేదు, బిగుసుకోవడం లేదు. మందు పనిచేసిందని డాక్టరు చెప్పకముందే నాకు తెలిసింది.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు, "తిండిలో మార్పేమీ వద్దండీ, ఎప్పటిలాగే పెట్టండి, నీళ్ళు బాగా తాగనివ్వండి" అన్నాడు. సరేనన్నాం. కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఆయన డ్యూటీలో చేరాడు. గోళీలు నేనే రేకుడబ్బాలో దాచి, పూటపూటకూ నా చేత్తో ఇచ్చేదాన్ని.

మందు నిజంగా పట్టిందని నమ్మకం కుదిరాక మా అత్తమ్మ పత్యం మొదలుపెట్టింది. ఆమె లెక్కలో అది తిండి మార్చడం కాదు. మందు తింటున్న మనిషికి పత్యం పెట్టడమే మామూలు, పెట్టకపోవడమే మార్పు. ఉప్పు, పులుపు, కారం మూడూ బంద్. చప్పిడి పప్పు, చప్పిడి జొన్న గటక, పాలన్నం. "గీ మందు దొరుకుడే మస్తు అదృష్టం. పత్యం జెయ్యక పోగొట్టుకుంటమా?" అనేది. నాకూ అందులో తప్పు కనిపించలేదు. మా అమ్మ నా పురుళ్ళకు అంతకంటే కఠినంగా పెట్టింది. ఆయన కూడా కిక్కురుమనకుండా తిన్నాడు. వర్క్‌షాపులో వేరేవాళ్ళ డబ్బాలోంచి మామిడికాయ తొక్కు ముక్క కూడా ముట్టలేదట. బతకాలని అంత ఆశ పెట్టుకున్నాడు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. మా ఆయన ఉప్పు తినకుండానే కడవలకు కడవలు తాగాడు. డాక్టరు తాగమన్నాడు కదా అని మేం సంతోషించాం. పైన ఎండలు. ఇనుము మధ్య పని చేసి, తడిసిన అంగీతో ఇంటికి వచ్చేవాడు.

ముందు చేతులు వణికాయి. చాయ్ సాసర్‌లోకి, సాసర్ నుంచి ఒళ్ళోకి ఒలికేది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దాంతో అత్తమ్మ పత్యం ఇంకా బిగించింది. లంఖణం పరమౌషధం అని పప్పు కూడా మానిపించి, ఉప్పు లేని గంజి తాగించింది. మరుసటి రోజు ఆయన గల్లీలో గోడలు పట్టుకుని నడుస్తుంటే, కల్లు తాగాడని జనం నవ్వారు. నన్ను పిలవబోతే నాలుక తిరగలేదు. ఆ నవ్విన వాళ్ళతో పోట్లాడడానికి కూడా నేను ఆగలేదు. మా మరిది రిక్షా తెచ్చాడు.

రక్తం తీసి చూసిన డాక్టరు మొహం మారిపోయింది. మందు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉందన్నాడు. నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా, "ఆయన గోళీలన్నీ ఒకేసారి మింగారాండీ?" అని అడిగాడు. ఆ మాట మరిది చెవిన పడింది. "అన్న సావనీకే మింగిండు. ఇదివరకు గూడ గిట్లనే అన్నడు గద" అని తల పట్టుకుని కింద కూర్చున్నాడు.

"మింగలే" అన్నాను. "డబ్బ నా కాడుంటది. నా చేతులకెళ్ళి ఇస్త. ఆయన సావనీకి చూస్తలేడు, బత్కనీకి చూస్తుండు." నేను అరిచి ఉంటాను, వార్డులో అందరూ ఇటు తిరిగారు. కానీ లోపల నాకే భయం. నాకు తెలియకుండా తీసుకున్నాడేమో అన్న అనుమానం ఒక్కసారి లోపలికి వచ్చాక ఎంత నెట్టినా పోలేదు. మంచం మీద ఆయనకు స్పృహ ఉన్నట్టూ లేనట్టూ ఉంది. బతుకుతాడో లేదో తెలియని మనిషిని, నువ్వే చావాలనుకున్నావా అని ఎలా అడగను?

డాక్టరు నా మొహంలోకి చూశాడు. చూసి, నమ్మాడు. ఇప్పటికీ నేను ఆయనకు రుణపడి ఉన్నది మందుకంటే ఎక్కువ ఆ నమ్మకానికి. "అయితే ఇంకేదో ఉండాలి. ఈమధ్య ఆయన ఏం తింటున్నారో చెప్పండి" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాది కాదని మా అత్తమ్మ ముందుకు వచ్చింది. "తిండిల ఏం లోటు జెయ్యలే బాపూ. పత్యం ఇంత గట్టిగ ఎవలు జెయ్యరు. ఉప్పు రవ్వ గూడ నాలుక మీద పడనియ్యలే, నా బిడ్డ తోడు."

డాక్టరు అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. అసలు సంగతి చెప్పాడు. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఉన్న ఉప్పును వదలవట. లిథియాన్ని కూడా ఉప్పే అనుకుని పట్టుకుంటాయట. అలా అదే గోళీ, అదే లెక్క, లోపల పేరుకుని విషమైంది. ఎండలో చెమట, ఆపైన విరేచనాలు, ఉన్న కాస్త ఉప్పునూ తీసుకుపోయాయి. "ఎప్పటిలాగే పెట్టమన్నానే గానీ, ఉప్పు మానొద్దని నేను విడిగా చెప్పలేదమ్మా. మందు తింటే పత్యం చేస్తారని నేను ఆలోచించాల్సింది. మా అమ్మ కూడా చేస్తుంది" అన్నాడు.

అప్పటికే మా ఆయన చేతికి సీసా ఎక్కిస్తున్నారు. అత్తమ్మ ఆ సీసానే చూస్తూ, "అండ్ల ఏమున్నది?" అని అడిగింది.

"ఉప్పునీళ్ళమ్మా."

అత్తమ్మ ఆ సీసా అయిపోయి ఇంకోటి పెట్టేదాకా నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆయన బతికాడు. నాలుక తిరిగాక నేను అడగకముందే, "నేను ఎక్కువ దినలే" అన్నాడు. "నాకు ఎర్కే" అన్నాను. నాకు ఎరుక లేదు, కానీ ఆ అబద్ధం ఆడినందుకు నాకు ఏ బాధా లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కాస్త కోలుకున్నాక తక్కువ మోతాదులో మళ్ళీ అదే మందు మొదలుపెడతానన్నాడు డాక్టరు. మరిది వద్దన్నాడు. చంపబోయిన మందును మళ్ళీ నోట్లో ఎట్లా వేస్తారన్నాడు. నేనూ తేల్చుకోలేకపోయాను. మందు మానితే మళ్ళీ ఆ పొంగు, ఆ గోడ, ఆ పగ్గాలు దాచడం. మందు తింటే ఇలాంటి రోజు ఇంకోటి వస్తే? నేను అందరి మీదా హుకుం చేసేదాన్నే గానీ, ఆ ఒక్క హుకుం నా నోటి నుంచి రాలేదు.

చివరికి ఆయనే అన్నాడు. "గీ రెండు నెలలు నేను నా లెక్క ఉన్న. పొద్దుగాల లేస్తే నేను నేనే అనిపించింది. మీకు గది రోజు ఉంటది, అందుకే తెల్వది. నేను తింట."

అలా తిన్నాడు, రక్తపరీక్షలు తప్పకుండా. మా ఇంట్లో పత్యం పోయింది. అత్తమ్మ ఆయన కంచంలో ముందు ఉప్పు పెట్టి తర్వాత అన్నం పెట్టేది. కానీ జరిగిన దాని గురించి ఒక్క మాట అనలేదు. ఎవరైనా ఎత్తితే బర్రెలకు గడ్డి వేయాలని లేచిపోయేది. నలభై ఏళ్ళు ఇంటిని ఏలిన మనిషి, తప్పు చేశానని ఎవరితోనూ అన్న పాపాన పోలేదు. నేను కూడా అడగలేదు. నా నోరు ఎంత చెడ్డదైనా, ఆ చోట మాత్రం మూసుకునే ఉంది. డాక్టరు మాత్రం ఆ తర్వాత ఆ మందు రాసిన ప్రతి ఇంటివాళ్ళనూ కూర్చోబెట్టి, మీ ఇంట్లో పత్యం చేస్తారా, ఉపవాసాలుంటారా, ఎండలో పని చేస్తారా అని అడిగేవాడు. వేల మైళ్ళ అవతల నుంచి వచ్చిన మందు ఆఖరికి మా పొయ్యి దగ్గర తప్పిపోబోయిందని ఆయన మర్చిపోలేదు.

మరుసటి ఎండాకాలం, రక్తపరీక్ష రోజు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద మా పక్కన బురఖాలో ఒక తల్లి, ఆమెతో పెళ్ళీడు కొడుకు. వేరే చోట ఎవరో ఆ మందు రాశారట, ఈ డాక్టరు దగ్గరికి అదే మొదటిసారి రావడం. కొడుక్కి పరహేజ్ గట్టిగా చేయిస్తున్నానని, ఖట్టా నమక్ ఏదీ ముట్టనివ్వడం లేదని, ఇంకొన్నాళ్ళలో రంజాన్ ఉపవాసాలు, రోజాలు కూడా ఉంటాడని ఆమె నాతో చెబుతోంది. పరహేజ్ అంటే మా పత్యమే, ఖట్టా నమక్ అంటే పులుపూ ఉప్పూ. ఆ అబ్బాయి ఒళ్ళో పెట్టుకున్న చేతులు సన్నగా వణుకుతున్నాయి. నేను నోరు తెరిచేలోపు మా అత్తమ్మ లేచి, వరుసలో ఉన్నవాళ్ళు అరుస్తున్నా వినకుండా, తల్లినీ కొడుకునూ రెక్క పట్టుకుని డాక్టరు గదిలోకి తీసుకెళ్ళింది.

రక్తం తీసి, ఆ పూట గోళీ ఆపి, ఉప్పు మానొద్దని, రోజాల సంగతి తనను అడక్కుండా మొదలుపెట్టొద్దని చెప్పి పంపాడు డాక్టరు. బయటికి వచ్చాక కూడా ఆ తల్లికి నమ్మకం కుదరలేదు. "పరహేజ్ సే కిసీ కూ నుక్సాన్ హోతా క్యా?" అని నన్ను అడిగింది. పత్యంతో ఎవరికైనా కీడు జరుగుతుందా అని.

మా అత్తమ్మ ఆమె ఎదురుగా బల్ల మీద కూర్చుంది. "నమక్ బంద్ నక్కో కరో అమ్మా" అంది, ఉప్పు ఆపొద్దని. "మై కరీ. మేరే బేటే కూ మైచ్ మార్ డాల్తీ థీ." నేను ఆపాను, నా కొడుకును నా చేత్తో నేనే చంపుకునేదాన్ని. తెలుగులో మాతో ఒక్కనాడూ అనలేని మాటను, ముక్కూ మొహం తెలియని మనిషితో, వచ్చీ రాని ఉర్దూలో అంది.

ఆ తల్లి భయంగా, "వో అబ్ కహాఁ హై?" అని అడిగింది, అతనిప్పుడు ఎక్కడున్నాడని. అత్తమ్మ వరండా చివర చూపించింది. మా ఆయన అంగీ చెయ్యి పైకి మడిచి, సూది పొడిచిన చోట దూది నొక్కుకుని, రక్తం కొలిచే పెద్దాయనతో ఏదో అని నవ్వుతున్నాడు. ఆ తల్లి చాలాసేపు అటే చూసింది. తర్వాత సంచిలోంచి కొడుకు కోసం తెచ్చిన చప్పిడి అన్నం డబ్బా తీసి, మూత తెరిచి, ఇక్కడ ఉప్పు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

"కూసో అమ్మా, నేను దెస్త" అని మా అత్తమ్మ చెప్పులైనా వేసుకోకుండా, ఆ ఎండలో, గేటు దగ్గరి మిర్చి బజ్జీల బండి వైపు నడిచింది.